ఇల్లు చూపే ముల్లు

మా ఇంట్లో గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడగకూడదు. ఈ పట్టింపు ఊళ్లో అందరికీ కొద్దో గొప్పో ఉన్నదే. కానీ మా అత్తమ్మ భద్రమ్మ దగ్గర అది పట్టింపు కాదు, చట్టం. పెళ్లయిన కొత్తలో ఓసారి మా ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే నోరు జారి "ఎక్కడికి?" అన్నాను. అత్తమ్మ ఆయన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, పావుగంట ఆగాక గానీ పంపలేదు. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, "బీయే చదివినవట గదా బిడ్డా, గిది చెప్పలేదా కాలేజీల?" అంది.

చెప్పలేదు. భూగోళం చెప్పారు. కర్కట రేఖ ఏయే రాష్ట్రాల మీదుగా పోతుందో ఇప్పటికీ చెప్పగలను. మా వరంగల్‌లోనే ఉన్న కరీమాబాద్ మా ఇంటి నుంచి ఎటువైపో మాత్రం రిక్షా ఎక్కితే గానీ తెలియదు.

కాబట్టి మా ఇంట్లో అడగాలనిపిస్తే "దూరమా?" అని అడగాలి. పోయేవాళ్లు "దగ్గరికే" అనాలి. మద్రాసు పోతున్నా దగ్గరికే. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఎనభై నాలుగు ఎండాకాలం దాకా ఆ చట్టం వల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు నాకు తెలియదు.

మా ఆయన సారంగపాణిది జంపఖానాల వ్యాపారం. కొత్తవాడలో మా ఇంటి పక్క షెడ్డులో మూడు మగ్గాలు ఆడేవి. ఉప్పలయ్య, అతని తమ్ముళ్లు నేసేవాళ్లు. నేసినవాటిని నెక్కొండ, నర్సంపేట, మరిపెడ దుకాణాలకు మా ఆయనే స్వయంగా కారులో వేసి వచ్చేవాడు. మీగడ రంగు ఫియట్. మా చేతికొచ్చేసరికే ఇద్దరి చేతులు మారింది. వెనక సీటు పీకేసి జంపఖానాల కట్టలు పెట్టేవాళ్లం కాబట్టి అందులో నడిపేవాళ్లు కాక ఇంకొక్క మనిషికే చోటు. హారన్ దానికి బుద్ధి పుట్టినప్పుడు మోగేది.

ఆ కారు కంటే మా ఆయన తోవల జ్ఞానం గొప్పది. కొత్తవాడలో ఎవరింట్లో పెళ్లి సంబంధం వచ్చినా ముందు మా వాకిట్లోకి వచ్చి "అన్నా, ఫలానా ఊరికి ఎట్ల పోవాలె?" అని అడిగి పోయేవాళ్లు. ఆయన చేత్తో గాలిలో గీసి చూపించేవాడు. ఇక్కడ వాగు, ఇక్కడ మైసమ్మ గుడి, ఇక్కడ ఎడమచేతి దిక్కు. చెయ్యి దించాక కూడా ఆ గీత కాసేపు గాలిలో ఉండిపోయినట్టే ఉండేది.

మా అమ్మాయి సరోజన పెళ్లయి కరీంనగర్ పోయాక ఇంట్లో ముగ్గురమే మిగిలాం. ఇల్లు దక్షిణ ముఖం. పాలు విరిగినా, మగ్గం పోగు తెగినా అత్తమ్మ ఆ దిక్కునే తిట్టేది. అంతకుమించిన కష్టం మాకు లేదనే అనుకున్నాను.

ఉగాది పోయిన వారం నెక్కొండ రాజలింగు దుకాణానికని పన్నెండు జంపఖానాలు వేసుకుని పొద్దున ఏడింటికి పోయాడు. పొద్దుగూకే వేళకు వచ్చాడు. ఉప్పలయ్య కారు తలుపు తెరిచి, "వదినె, పోయినయ్ పోయినట్టె వాపసొచ్చినయ్" అని కేకేశాడు.

"దుకాణం మూసుంది" అన్నాడు మా ఆయన, కాళ్లు కడుక్కుంటూ.

మూడో నాడు రాజలింగు రైలు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. పెద్ద గొంతు మనిషి.

"వదినె, మొన్న పొద్దంత గల్లా కాడనే కూసున్న. పెండ్లోళ్లు వచ్చి అడిగి అడిగి పోయిండ్రు. నెక్కొండ ఏమన్న ఊరిడిసి పోయిందా, అన్నకు దొరకకుంట?"

అత్తమ్మ నన్ను "చాయ్ పెట్టు బిడ్డా" అని లోపలికి పంపింది. నోట్లో చాయ్ ఉన్న మనిషి ప్రశ్నలు వెయ్యడని ఆవిడ సిద్ధాంతం. అంతలో మా ఆయన షెడ్డులోంచి వచ్చి రాజలింగు భుజం మీద చెయ్యేశాడు.

"రోడ్డు తవ్విండ్రు లింగూ. చుట్టు తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. ఈ రోడ్లు రోజుకో తీరు మారవట్టె."

"మరి దుకాణం మూసుందన్నరు గదా?" అన్నాను నేను, చాయ్ గ్లాసు అందిస్తూ.

"రెండూ" అన్నాడాయన.

నమ్మాను. ప్రభుత్వం రోడ్డు తవ్విందంటే నమ్మనివాళ్లు ఎవరు?

ఆ నెలలో ఇంకో రెండుసార్లు అలాంటిదే జరిగింది. ఒకసారి మరిపెడ పోయినవాడు మధ్యాహ్నానికి రావాల్సింది చీకటి పడే ముందు వచ్చాడు. చక్రాల నిండా నల్లరేగడి మట్టి. మరిపెడ తోవలో అంత మట్టి ఎక్కడ పట్టిందో నేను అడగలేదు. మా ఇంట్లో ఎక్కడికని అడగకూడదు గానీ, ఎక్కడి నుంచని అడగకూడదని ఎవరూ అనలేదు. అయినా అడగలేదు. అలవాటు అలాంటిది.

ఒకనాడు అన్నం తింటూ తింటూ ఆగి, "సముద్రంల రోడ్లుండయి గదా, ఓడలోళ్లు ఎట్ల పోతరు?" అన్నాడు.

"కంపాసు చూసుకుంట పోతరు."

"మనకెందుకు లేదు మరి?"

"మనం సముద్రంల జంపఖానాలు అమ్మం గనుక."

ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. "ఒకటి కొందాం సావిత్రీ, కారుకు" అన్నాడు. పప్పులో ఇంకాస్త ఉప్పు వెయ్యమన్నట్టే అన్నాడు.

వరంగల్ చౌరస్తాలో బాలకిషన్‌కు రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. అతని బావమరిది దుబాయిలో ఉంటాడు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా మనకు అవసరం లేని వస్తువులు ఏమేం ఉంటాయో అన్నీ పట్టుకొస్తాడు. బాలకిషన్ మూడు కంపాసులు గాజు బల్ల మీద వరుసగా పెట్టాడు.

"ఏం దిక్కు కావాలె పాణన్నా? నా కాడ నాలుగు దిక్కులూ ఉన్నయ్" అన్నాడు.

మొదటిది గాజు బుడగ. లోపల నూనె, నూనెలో తేలే బంతి. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "లోపలి నూనె ఇంకిపోతే?" అన్నాడు.

"ఇంకిపోతే నేను లేనా? వంటనూనె పోస్త" అన్నాడు బాలకిషన్.

రెండోదానికి లోపల చిన్న దీపం. "ఇది రాత్రి సుత చూపిస్తదన్నా. పెండ్లిళ్ల సీజన్ గదా, రాత్రి తిరుగుడుంటది."

"రాత్రి నేను నడుపుత లేను" అన్నాడు మా ఆయన గబుక్కున.

ఎప్పటి నుంచి? నేను ఆయన వైపు చూశాను. ఆయన మూడోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గడియారం డబ్బాలాంటిది. తెల్లటి పళ్లెం మీద ఎర్ర ముల్లు. కింద రబ్బరు కప్పు, కారు ముందు బల్లకు అంటించుకోవడానికి. దుకాణం అంతా తిరిగాడు దాంతో. తూర్పు గోడ దగ్గర నిలబడ్డాడు, మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డాడు, మళ్లీ వచ్చాడు. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా ఇంతసేపు చూడలేదు. ఆ మాటే అన్నాను. బాలకిషన్ నవ్వాడు. మా ఆయన వినలేదు.

"బాలకిషనూ, ఇది ఇల్లు చూపిస్తదా?"

"ఏంది?"

"ఏడున్నా గని, ఇంటి దిక్కు చూపిస్తదా?"

బాలకిషన్ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు. "ఉత్తరం చూపిస్తదన్నా! ఇల్లు చూపిచ్చేది దుబాయిల సుత దొరకది. గట్లాంటిది కావాల్నంటె వదినెను పక్కన కూసోవెట్టుకో. బ్యాటరీ సుత అక్కరలేదు."

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తే. అందులో అనుమానం రవ్వంత కూడా లేదు.

మూడోదే తీసుకున్నాం. దుబాయిని పూర్తిగా నమ్మడం ఇష్టం లేక నేను పక్కనున్న పుస్తకాల దుకాణంలో రాష్ట్ర పటం ఒకటి కొన్నాను. విప్పితే మంచం అంత అయింది. అందులో వరంగల్ ఆవగింజంత, నెక్కొండ ఆవగింజలో సగం.

బిగించిన రోజు పెద్ద తతంగమే జరిగింది. అత్తమ్మ కంపాసుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు సరిగ్గా ఉత్తరం మీద పడింది. తర్వాత "దిష్టి తాకింది నా కొడుకుకు, అందుకే పనులు ఎడ్డెమంటె తెడ్డెమైతానయ్" అని ఎక్కడి నుంచో పాత గుర్రపునాడా తెచ్చి, నల్లదారంతో అద్దం కింద కట్టింది. కంపాసుకు జానెడు దూరంలో.

ఇంకేముంది, ముల్లు గిర్రున తిరిగి నాడా వైపు నిలబడింది. ఉప్పలయ్య, తమ్ముళ్లు కలిసి కారును ఎటు తోసినా అది నాడానే చూస్తోంది.

"చూసినవా వదినె?" అన్నాడు ఉప్పలయ్య. "గీ ఇంట్ల పెద్దమ్మ మాట దాటేటోళ్లు లేరు. ముల్లు సుత దాటది."

ఇనుము దగ్గరుంటే ముల్లు పనిచేయదని అత్తమ్మకు చెప్పడానికి నా బీయే మొత్తం ఖర్చయింది. "నాడా పడకపోతె ముల్లునే తీసెయ్యరాదా?" అందావిడ. చివరికి నాడాను తెచ్చి ఇంటి గుమ్మం మీద మేకు కొట్టించాను. ఇల్లంతటికీ దిష్టి తగలకుండా ఉంటుందన్నాక ఒప్పుకుంది.

మర్నాడు నర్సంపేట పోవాలి. అక్కడ రాయమల్లు దుకాణం. ఒక పెద్ద పెళ్లికి ఇరవై జంపఖానాలు పొద్దున పదింటికల్లా పడాలని అతను రెండుసార్లు కార్డు రాశాడు. మా ఆయన బయల్దేరుతుంటే అత్తమ్మ నా వైపు తిరిగి, "నువ్వు సుత పో బిడ్డా" అంది.

ఇరవై రెండేళ్లలో వ్యాపారం పని మీద నన్ను కారెక్కించడం అదే మొదలు. చదువుకు ఇన్నాళ్లకు దక్కిన గౌరవమనుకుని మంచి చీర కట్టుకున్నాను.

"దూరమా?" అంది అత్తమ్మ గడపలో నిలబడి.

"దగ్గరికే" అన్నాం ఇద్దరం.

ఊరు దాటి కొంత దూరం పోయాక రోడ్డు రెండుగా చీలింది. మా ఆయన కారు ఆపి, దిగి, రేడియేటర్లో నీళ్లు పోశాడు. పోసి ఎక్కలేదు. చెట్టు నీడలో నిలబడి వచ్చిన తోవ వైపు చూస్తున్నాడు. ఓ బస్సు వచ్చి పోయింది. అప్పుడు గబగబా ఎక్కి, దాని వెనకే పోనిచ్చాడు.

నేను పటంలో తలదూర్చి ఉన్నాను. రోడ్డు చూడాల్సిన మనిషిని పటం చూస్తున్నాను. ముల్లు చక్కగా ఉత్తరం చూపిస్తోంది, బొట్టుతో సహా. ఉత్తరం ఎటో తెలిసి కూడా మేం ఎటు పోతున్నామో తెలియడం లేదన్న సంగతి నాకు తారు రోడ్డు పోయి మట్టి రోడ్డు వచ్చినప్పుడు తెలిసింది.

తలెత్తి చూస్తే ముందు బస్సు. బోర్డు మీద నర్సంపేట అనే ఉంది. కానీ దాని నెత్తికి మామిడాకులు, కిటికీల్లో పట్టుచీరలు, వెనక సీట్లో డప్పు. పెళ్లి వాళ్లు మాట్లాడుకున్న బస్సు. పాత బోర్డు తీయడం మరిచిపోయారు.

"ఇది పెండ్లి బస్సండి!" అన్నాను.

"ఎరుకనే" అన్నాడాయన. కానీ వెనక్కి తిప్పలేదు. తిప్పి ఎటు పోవాలో తెలిస్తే కదా. ఆ మాట నాకప్పుడు తెలియదు. మొండితనం అనుకున్నాను. అలా బస్సు వెనకే ఊళ్లోకి, ఊళ్లోంచి పందిరి దాకా పోయాం.

పెళ్లివారి ఇంటి ముందు కారు ఆగితే ఊరుకుంటారా? పూలమ్మ అనే ముసలావిడ చెంబుతో నీళ్లు తెచ్చి, కాళ్లు కడుక్కోమని, చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కుపోయింది. కూర్చోబెట్టిన జంపఖానా అంచు చూస్తే మాదే. ఉప్పలయ్య చెయ్యి. ఎరుపు మీద నల్లటి రెండు గీతలు.

"మీరు పిల్ల దిక్కా, పిలగాని దిక్కా?" అంది పూలమ్మ.

మా ఆయన కింద పరిచినదాన్ని అరచేత్తో నిమిరి, "జంపఖానా దిక్కు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదే మా ఆయన. ఇలాగే మాట్లాడేవాడు. ఎండకేదో అయింది, అంతే.

"గంత దూరం కెల్లి వచ్చినట్టున్నరు. ఏ ఊరు బాంచెన్ మీది?" అంది పూలమ్మ.

ఆయన నోరు తెరిచాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. దాని వెనక ఏదో వెతుకుతున్నాడు. కాసేపు పూలమ్మ చెంబు వైపు, కాసేపు పందిరి గుంజ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"వరంగల్" అన్నాను. "కొత్తవాడ."

మా ఆయన తలూపాడు. ఎవరో కొత్త సంగతి చెబితే మర్యాదగా విన్నట్టు.

వాళ్లు అన్నం తినకుండా కదలనివ్వలేదు. ఆకులో ఏం వడ్డించారో నాకు తెలియదు. ఆయన మాత్రం బూరెలు అడిగి రెండోసారి వేయించుకున్నాడు.

కారు దగ్గరికి వచ్చాం. బస్సు డ్రైవరు తువ్వాలు పరుచుకుని బస్సు కింద నిద్రపోతున్నాడు. మా ఆయన మూత తీసి రేడియేటర్లో నీళ్లు పోశాడు. నిండి పొర్లింది. ఇంకా పోస్తున్నాడు. అటూ ఇటూ చూస్తున్నాడు. రోడ్డు మీద ఇంకో బస్సు లేదు, ఎద్దుబండి కూడా లేదు.

అప్పుడు అడిగాను. కూరలో కారం సరిపోయిందా అన్నంత మెల్లగా.

"ఏడికి పోవాలె మనం?"

కోప్పడతాడనుకున్నాను. వెనక్కి పోయి కూర్చుని మంచినీళ్లు తాగాలంటాడనుకున్నాను. ఆయన మూత బిగించి, చేతులు తుడుచుకుని, నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు సావిత్రీ" అన్నాడు. "తోవలన్నీ ఎరుకే నాకు. ఏది ఎటు పోతదో గదొక్కటి తెల్వకుంటైతాంది" అన్నాడు.

నర్సంపేట చేరేసరికి పొద్దు వాలింది. పటం మడిచి కాళ్ల కింద వేసి, కనబడ్డ ప్రతి మనిషినీ అడుగుతూ నేనే తోవ చెప్పాను. రాయమల్లు దుకాణం అరుగు మీదే ఉన్నాడు. పెళ్లివాళ్లు స్కూల్లోంచి చాపలు తెచ్చి పరుచుకున్నారట. అతను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పాణన్నా, నీకెందుకీ తిప్పలు? ఇగ సంది బస్సుకు పార్సెలేయుండ్రి. బస్సు తోవ తప్పది" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆ రోజు మొత్తంలో మాకిద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది అప్పుడే.

మర్నాడు అత్తమ్మా నేనూ వెనక వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నాం. ఎలా చెప్పాలో తెలియక నేను చెప్పడం లేదు. ఆవిడే మొదలుపెట్టింది, చేతిలో పని ఆపకుండా.

"మీ మామ సుత గిట్లనే."

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"నెత్తిన బట్టల మూట వెట్టుకొని ఊర్లు తిరిగి అమ్మెటోడు. యాభై ఏండ్లు నిండంగనే తోవలు పోగొట్టుకున్నడు. గడప దాటంగ ఎవలన్న ఏడికి అని అడిగితె నిలవడి ఏడ్సేటోడు, పసిపోరని లెక్క. చెప్పరాకపోవు గదా. అప్పటి సంది ఈ ఇంట్ల ఎవలూ అడగొద్దన్న." గింజ తీసి పళ్లెంలో వేసింది. "ఓనాడు పోయిండు. ఎవలం అడగలే. మూడోనాడు మరిపెడ కాడ దొరికిండు, మూట తలకింద వెట్టుకొని. లేపితె లేవలే."

ఇరవై రెండేళ్లు నేను దాన్ని మూఢనమ్మకం అనుకున్నాను. సరోజనతో కలిసి వెనకాల నవ్వుకున్నాను కూడా.

"నెక్కొండ కెల్లి వాపసొచ్చిన నాడే ఎరుకయ్యింది నాకు" అంది అత్తమ్మ. "నాడాతోని గాదని సుత ఎరుకనే. ఏదో ఒకటి కట్టాలె గదా బిడ్డా."

మామ, ఆ తర్వాత కొడుకు. సరోజన పేరు మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

హనుమకొండలో పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన మా ఆయన్ను కూర్చోబెట్టి, "ఇవాళ ఏం వారం?" అని అడిగాడు.

"పని చేసెటోనికి అన్ని వారాలొక్కటే సార్."

డాక్టరు నవ్వాడు. "మీ ఇల్లెక్కడ?"

మా ఆయన నన్ను చూపించి, "గీమెను అడుగుండ్రి. ఇంటి సంగతులన్నీ గామెనే చూసుకుంటది" అన్నాడు.

ఈసారి డాక్టరు నవ్వలేదు. ఆయన్ను బయట కూర్చోమని, నాతో పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి చెప్పాడు. ఇంటికొచ్చి నా కాలేజీ నిఘంటువులో వెతికితే దొరకలేదు. మందు ఉందా అంటే బలానికి టానిక్ రాశాడు. తగ్గుతుందా అంటే కాగితం మీద తారీఖు వేశాడు. ఒంటరిగా బయటికి పంపకండి, కారు అసలే వద్దు అన్నాడు.

పంపకుండా ఎలా? యాభై ఒక్క ఏళ్ల మనిషి. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తాళంచెవి అడుగుతాడు. దాచిపెడితే ఇల్లంతా వెతుకుతాడు. వెతుకుతూ వెతుకుతూ ఏం వెతుకుతున్నాడో మరిచిపోయి, వంటింటి గోడకు చెయ్యానించి నిలబడతాడు. అది చూడడం నావల్ల కాలేదు. ఒకరోజు ఆయన నిద్రలో ఉండగా ఉప్పలయ్య చేత కారు బ్యాటరీ తీయించాను.

"అన్నను మోసం జేసినట్టైతాంది వదినె" అన్నాడు ఉప్పలయ్య.

"నీ పేరు చెప్పను లే."

తాళంచెవి ఇచ్చేశాను. బండి లేవకపోతే బ్యాటరీ రిపేరుకు పోయిందని చెప్పాను. ఆయన నమ్మాడు. మర్నాడూ చెప్పాను, మర్నాడూ నమ్మాడు. ఒకే అబద్ధాన్ని రోజూ కొత్తగా చెప్పుకునే వీలు దేవుడు అందరికీ ఇవ్వడు. అందుకైనా దండం పెట్టాలనుకున్నాను గానీ చేతులు రాలేదు.

కానీ కారులో కూర్చోవడం మానలేదు. స్టీరింగు పట్టుకుని కంపాసు చూస్తాడు. చూసి, తల తిప్పి చుట్టూ చూస్తాడు. కారు షెడ్డు పక్కన నిలబెట్టి ఉండేది. ముల్లు చూపించే చోట పక్కింటి వాళ్ల బాత్రూం గోడ ఉండేది. ఆ గోడను చూసి చూసి, "ఇది గాదు" అని దిగి వచ్చేవాడు. రోజుకు నాలుగైదుసార్లు.

జంపఖానాలు బస్సులో పార్సెల్ పోతున్నాయి. రెండు మగ్గాలు ఆగిపోయాయి. ఉప్పలయ్య ఒక్కడే మిగిలాడు. అతను కూడా సూరత్ మిల్లుల్లో పని మాట ఎత్తుతున్నాడు.

నా చదువు అంతకాలానికి ఒక్కసారి అక్కరకొచ్చింది. మా ఇల్లు దక్షిణ ముఖం. అంటే, వాకిట్లో ఇంటికి ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇల్లు ఉత్తరాన ఉంటుంది. ఇందులో బీయే అక్కరలేదు నిజానికి, నాలుగో తరగతి చాలు. ఉప్పలయ్యను, వేరే షెడ్లలో పనికి కుదిరిన అతని తమ్ముళ్లను పిలిచి కారును తోయించాను. గేటు పక్కన, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా. మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపించాను. ఎందుకని వాళ్లు అడగలేదు. మా ఇంట్లో పనిచేసేవాళ్లకూ ఆ అలవాటు అబ్బింది.

అత్తమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. ఆవిడా అడగలేదు.

మృగశిర ప్రవేశించిన మర్నాడు వాన పడింది. పొద్దున్నే ఆయన తల దువ్వుకుని కారులో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ ఎండాకాలం నాకు దొరికిన ఉద్యోగం అది. అద్దం మీద చినుకులు జారుతున్నాయి. ముల్లు ఒక్కసారి వణికి నిలబడింది. ఆయన ముల్లు చూశాడు. తలెత్తి, ముల్లు చూపించిన చోట చూశాడు. గుమ్మం, గుమ్మం మీద నాడా.

"సావిత్రీ! ఇల్లు చూపిస్తాంది."

"అవునండి."

"బాలకిషన్‌గాడు చూపియ్యదన్నడు."

"ఆయనకేం ఎరుక. రేడియోలాయన."

ఆయన మొహం చూసి ఎన్నాళ్లయిందో అలా. అత్తమ్మ కొంగు తలమీదికి లాక్కుని గడప దిగి వచ్చింది. వానలోనే నిలబడి, కారు కిటికీ మీద చెయ్యేసింది. కాసేపు కొడుకును చూసింది. తర్వాత ముల్లును చూసింది.

"ఏడికి పోతానవ్ కొడుకా?"

ఆయన ఏడవలేదు. వెతుక్కోలేదు కూడా. ఎప్పట్లాగే చెయ్యెత్తి గాలిలో గీత గీశాడు, అద్దంలోంచి గుమ్మం దాకా.

"ఇంటికే అవ్వా."

"మంచిది బిడ్డా. పైలంగ రా" అని ఆవిడ లోపలికి పోయింది. గడప దాటాక కొంగుతో మొహం తుడుచుకుంది. వాన నీళ్లే అయి ఉంటాయి.

వాన పెద్దదయింది. అద్దం మసకబారి గుమ్మం కనబడడం మానేసింది. ముల్లు ఒక్కటే కనబడుతోంది. ఆయన చాలాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కొత్త మనిషిని అడిగినట్టు, కొంచెం మొహమాటంగా అడిగాడు.

"ఇంక దూరమా?"

మా ఇంట్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు.

"దగ్గరికే" అన్నాను.